చీటీ తెచ్చిన పిల్లలకు తప్ప

వీరన్నదిన్నె (గద్వాల దగ్గర),
9 నవంబరు 1996, శనివారం

చిన్నాయినకు జమ్ములమ్మ దండాలు.

ఇవాళ మొదటి ఆశ్చర్యం పొద్దున్నే బడి గేటు దగ్గర ఎదురైంది. కాలేజీకి పోవడానికి గద్వాల బస్సు కోసం నిలబడి ఉన్నాను. పక్కనే సాయమ్మ డబ్బా కొట్టు. రెండో తరగతి పిల్లవాడొకడు పలక చంకలో పెట్టుకుని వచ్చి ఊరికే చెయ్యి చాచాడు. ఏం కావాలో వాడు చెప్పలేదు, సాయమ్మ అడగలేదు. "ఎవల మగ్గం?" అంది, అంతే. "మా తాతది" అన్నాడు. తోరణంలాగా వేలాడుతున్న గుట్కా పొట్లాల్లోంచి రెండు పటుక్కున తెంపి వాడి చేతిలో పెట్టింది. వాడు వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన పీల్చి నవ్వాడు. సంపెంగ పువ్వు దొరికినట్టు నవ్వాడు చిన్నాయినా.

రోజూ అదే చోట నిలబడతాను. ఇన్నాళ్ళు ఎందుకు చూడలేదో తెలియదు. మన ఇళ్ళలో ఆడపిల్లలు నూలు చుట్టడానికి, మగపిల్లలు కొట్టుకు ఉరకడానికి అన్నట్టే పెరిగాం కదా. నన్నెప్పుడూ నాయిన కొట్టుకు పంపలేదు. బస్సు వచ్చేలోపు లెక్కపెట్టాను. పదకొండు మంది వచ్చి పోయారు. అందరికన్నా పెద్దవాడికి పద్నాలుగేళ్ళుండవచ్చు.

మా గల్లీలో పన్నెండేళ్ళ పిల్లవాడొకడున్నాడు. కూరలో కారం తగిలితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. జొన్నరొట్టె ముక్క పట్టేంత కూడా నోరు తెరవలేడు. చిన్న చిన్న తునకలు చేసి, పాలలో నానబెట్టి మింగుతాడు.

మా లెక్చరరు సారు ఒక మాట చెప్పారు. కొట్లకు ఏటేటా మార్చిలో లైసెన్సు ఇచ్చేది పంచాయతీయే కనుక, పిల్లలకు పొగాకు అమ్మకూడదన్న షరతు అందులో రాయమని అడగవచ్చట. షరతు! ఎంత చిన్న మాట, ఎంత బలం ఉందో చూడు. ఆ మాట నా నోటుబుక్కులో రాసుకుని కింద రెండు గీతలు గీశాను.

నువ్వు ఎమ్మార్వో ఆఫీసు ముందర కూర్చుని ఊరందరికీ అర్జీలు రాసేవాడివి. నేను రాసినదాన్ని దిద్ది పంపు. మొదటి వాక్యం ఇది: "విషసర్పపు కోరలవంటి ఈ పొట్లములు వికసించుచున్న పసిమొగ్గలను కాటువేయుచుండగా, ప్రజాహృదయ పీఠమున వెలుగొందు సర్పంచు గురవయ్య గారు మౌనము వహించుట తగునా?" మొత్తం నాలుగు పేజీలు. జతచేశాను.

జవాబు కోసం పోస్టుమాన్ దారి చూసే
నీ జమ్ములు

*

వనపర్తి,
21 నవంబరు 1996

జమ్ములు బిడ్డకు,

నీ నాలుగు పేజీలు చదివాను. నా బల్ల పక్కన టైపు కొట్టే మాసయ్యకు కూడా చదివి వినిపించాను. ఆయన "గీ పిల్ల ఎవలు సారూ, గురవయ్యను పొగుడుతుందా, తిడుతుందా?" అన్నాడు. నాకూ తెలియలేదు.

ఇరవై ఏళ్ళుగా నేను అర్జీలు రాస్తున్నాను. ఒక్కటి నేర్చుకున్నాను. చదివేవాడికి ఒళ్ళు మండకూడదు, నిద్ర రాకూడదు. పాముకు కోరలుంటాయి, పొట్లానికి ఏముంటాయి? ప్రజాహృదయ పీఠం మీద గురవయ్య కూర్చుంటే, పంచాయతీ కుర్చీలో ఎవరు కూర్చోవాలి? నువ్వు మాటల మీద ప్రేమతో రాశావు. తప్పు లేదు. కానీ ఆ ప్రేమ నోటుబుక్కులో పెట్టుకో. అర్జీలో ఇది పెట్టు:

"మా ఊరిలో పొగాకు సరుకు అమ్మే కొట్లకు గ్రామ పంచాయతీ ఏటేటా లైసెన్సు ఇచ్చుచున్నది. సదరు లైసెన్సులో, పద్దెనిమిది సంవత్సరముల లోపు వారికి పొగాకు సరుకు అమ్మరాదు, అమ్మినచో లైసెన్సు రద్దగును అను షరతు చేర్చవలెనని కోరుచున్నాము."

అయిపోయింది. కింద మగ్గాల వాళ్ళ సంతకాలు నలభైకి తగ్గకుండా పెట్టించు. మీ నాయినది మొదట ఉండాలి. ఆయన పెడితే మిగతా వాళ్ళు పెడతారు. సంక్రాంతిలోపు పంచాయతీకి చేరకపోతే మార్చి లైసెన్సుల్లో పడదు.

ఒక ప్రశ్న. సాయమ్మ పేరు రాశావు. సారు సంగతి రాశావు. నోరు తెరవలేని ఆ పిల్లవాడి పేరు ఎందుకు రాయలేదు?

నీ తమ్ముడు మద్దిలేటి ఎట్లున్నాడు? కిందటిసారి వచ్చినప్పుడు వాడు నాతో సరిగా మాట్లాడలేదు.

మీ చిన్నాయిన
కురుమూర్తి

*

వీరన్నదిన్నె,
15 డిసెంబరు 1996, ఆదివారం

చిన్నాయినా,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. విశేషణాలు లేవు, చూసుకో.

అర్జీ పట్టుకుని వారం రోజులు ఇంటింటికీ తిరిగాను. మొదటి నాలుగు రోజుల్లో నాలుగు సంతకాలు పడ్డాయి. అందులో రెండు నా స్నేహితురాళ్ళవి. వాటిని నువ్వు లెక్కలోకి తీసుకోవు.

పెద్ద గల్లీలో యేసయ్య తాత మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని, నాడె అటూ ఇటూ విసరడం ఆపకుండానే అర్జీ మొత్తం విన్నాడు. విని అన్నాడు: "మంచిగ రాసినవు బిడ్డా. మరి నాకు పొట్లం ఎవలు తెస్తరు? బీడీ దినాలల్ల లేచి బయటికి పోతుంటిమి, రవ్వ పడితే పడుగు కాలుతదని. గీ పొట్లం వచ్చినంక కూసున్న కాడనే పని అయితుంది. ఇప్పుడు మనుమనికి ఇయ్యకుంటే నేను దిగాలె. దిగి, ఎక్కి, మళ్ళ చెయ్యి కుదిరేవరకు జానెడు అంచు పోతది. ఆ జానెడు నువ్వు నేస్తవా?"

నేను "నేస్త తాతా" అన్నాను రోషంగా. మగ్గాల మీదున్న వాళ్ళంతా నవ్వారు. "నువ్వు నేసిన అంచు చూస్తే చీర కొన్నామె తిరిగి చుట్టి పంపిస్తది" అన్నాడు.

మా నాయిన ఇంకా నయం. "అందరు పెడితే పెడత" అన్నాడు. అందరూ "బక్కయ్య పెడితే పెడతం" అంటున్నారు. ఈ రెండు మాటల మధ్య నేను బంతిలాగా తిరిగాను.

అయిదో రోజు పొద్దున నూలు చుడుతుంటే నాకు ఒక ఉపాయం తట్టింది. పిల్లలు తమకోసం కొనుక్కోవడం కదా తప్పు? పెద్దలకోసం తెస్తే తప్పెట్లా అవుతుంది? నువ్వు రాసిన వాక్యంలో "పద్దెనిమిది సంవత్సరముల లోపు వారికి" అన్న దాని తరువాత చిన్న ముక్క చేర్చాను: "పెద్దల చీటీ తెచ్చిన పిల్లలకు తప్ప." ఎంత కుదురుగా కూర్చుందో చూడు! ఒక్క ముక్కతో మగ్గాల వాళ్ళకు కష్టం తప్పింది, పిల్లలకు కట్టుబాటు మిగిలింది. రెండు రోజుల్లో నలభై ఒక్క సంతకాలు పడ్డాయి. యేసయ్య తాత కూడా వేలిముద్ర వేశాడు. నాయిన మొదటి వరసలో వంకరగా "బక్కయ్య" అని రాశాడు.

నిన్న గురవయ్య సర్పంచుకు ఇచ్చాను. ఆయన చదివి, "దీనికి అడ్డు చెప్పనీకి ఏమున్నది? అందరికి పనికొచ్చేటట్టే ఉన్నది. జనవరి మీటింగుల తీర్మానం చేస్తం" అన్నాడు. నాకు చెప్పలేనంత సంతోషం. ఆ ముక్క నేను రాసింది చిన్నాయినా. తీర్మానాల పుస్తకంలోకి ఎక్కుతుంది.

మద్దిలేటి బాగానే ఉన్నాడు.

నీ జమ్ములు

*

నాగర్‌కర్నూలు,
28 డిసెంబరు 1996

జమ్ములు బిడ్డకు,

ఒక భూమి తగాదా అర్జీ పని మీద ఇక్కడికి వచ్చి నాలుగు రోజులైంది. నీ ఉత్తరం వనపర్తి నుంచి మాసయ్య పంపాడు. బస్టాండు ముందర హోటల్లో కూర్చుని రాస్తున్నాను. బల్ల ఊగుతున్నది, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

ఆ ముక్క తీసెయ్. రేపే పోయి తీసెయ్.

తిమ్మాజిపేట నుంచి వచ్చిన ఒకాయన ఇక్కడ కలిశాడు. వాళ్ళ ఊళ్ళో రెండేళ్ళ కింద ఇట్లాంటి షరతే పెట్టారట. ఆయన దగ్గర ఆ లైసెన్సు కాగితం ఉంటే అడిగి చూశాను. ఒకటే వాక్యం. "పిల్లలకు అమ్మరాదు." ఎవరి పిల్లలు, ఎవరికోసం, ఎందుకోసం, ఏమీ లేదు. "మొదట అందరం తిట్టుకున్నం సార్, నెల దినాలకు అలవాటయింది" అన్నాడు. కొట్టువాడికి కూడా అదే నయమట. పిల్లవాడు చెయ్యి చాస్తే లేదు అంటాడు, ఇంక వాదన లేదు.

నా దగ్గరికి వచ్చే అర్జీల్లో "తప్ప" అన్న మాట ఉన్నచోటే తగాదా పుడుతుంది. తలుపు పెట్టి, గొళ్ళెం పెట్టి, పక్కన గోడ కూలగొట్టినట్టు.

ఇంకొకటి కూడా ఉంది. నువ్వు ఆడపిల్లవు, నిన్ను కొట్టుకు పంపలేదు. పొట్లం తెచ్చినవాడికి దక్కేది ఏమిటో నీకు తెలియదు. మీ నాయినను అడుగు. నేను రాయలేను.

కురుమూర్తి

*

వీరన్నదిన్నె,
2 ఫిబ్రవరి 1997, ఆదివారం

చిన్నాయినా,

నీ ఉత్తరం అందేసరికి తీర్మానం అయిపోయింది. ముందే అందినా తీసేసేదాన్ని కాదేమో. నిజం చెబుతున్నాను, అప్పుడు నీ మీద కోపం వచ్చింది. నలభై ఒక్క మంది ఒప్పుకున్నదాన్ని హోటల్లో కూర్చుని ఒక్కమాటలో కొట్టేశావని.

మార్చిదాకా ఆగకుండా ఆ షరతును పెద్ద అక్షరాలతో రాయించి సాయమ్మ డబ్బాకు, ఇంకో రెండు కొట్లకు జనవరిలోనే అతికించారు. మొదటి రోజు నేను బస్సు వదిలేసి మరీ చూశాను. పిల్లలు వచ్చి, చెయ్యి చాచి, సాయమ్మ "చీటేదిరా?" అంటే బిక్కమొహం వేసుకుని తిరిగి పోయారు. నాకు ఎగరాలనిపించింది.

రెండో రోజు పొద్దున్నే మన ఇంటి ముందర తొమ్మిది మంది పిల్లలు నిలబడ్డారు. నన్ను చీటీలు రాసిమ్మన్నారు. వాళ్ళ ఇళ్ళలో రాయడం వచ్చినవాళ్ళు లేరు కదా! "నువ్వే పెట్టించినవు, నువ్వే రాయాలె" అని యేసయ్య తాత కబురు పంపాడు. "రోజూ ఏం తిరుగుతరు, వారం చీట్లు ఒక్కపారే రాసియ్యి" అని కూడా.

ఏం చెయ్యను? రాశాను. "ఈ చీటీ తెచ్చిన పిల్లవానికి రెండు పొట్లములు ఇవ్వగలరు." కాలేజీ నోటుబుక్కు కాగితాలు చింపి రాశాను. కొద్ది రోజుల్లోనే నూటికి పైగా రాసి ఉంటాను. మాటలంటే ప్రాణం పెట్టేదాన్ని, గుట్కాకు గుమస్తానయ్యాను.

అదీ ఎక్కువ రోజులు సాగలేదు. పిల్లలకు నా అవసరం తీరిపోయింది. సాయమ్మకు చదువు రాదు. కాగితం మీద గీతలుంటే చాలు, తీగకు గుచ్చేస్తుంది. నిన్న ఆ తీగ తీసి చూశాను. ఒక కాగితం మీద పదమూడో ఎక్కం ఉంది. ఇంకొకదాని మీద "ఆవు సాధు జంతువు" అన్న వ్యాసం సగం ఉంది. ఒకదాని మీద బొమ్మ తప్ప ఏమీ లేదు.

"ఏంది అత్తా గిది? గిది చీటీనా?" అని అడిగాను.

"నాకేం తెల్సు బిడ్డా? నేను సదువుకున్నదాన్నా? చీటి తెస్తే ఇయ్యమని మీరే అతికిచ్చిన్రు. ఇయ్యకుంటే మగ్గాలోళ్ళు కొట్లాటకొస్తరు, ఇస్తే నువ్వొస్తవు. అసలు ఇయ్యొద్దంటే ఇయ్యకుంటుంటి, పీడ పోతుండె. బిస్కట్లమ్ముకొని బతకనా నేను?"

ఆమె అన్నమాటా నువ్వు రాసినమాటా ఒక్కటే. అది నాకు ఇంకా మంట.

తెల్లారితే ఒక ఉపాయం, పొద్దుగూకేసరికి అది పనికిరాదని తెలియడం. నెలంతా ఇదే. సర్పంచు దగ్గరికి పోతే "మీరు అడిగినట్టే చేసినం కద" అన్నాడు. ఆయన తప్పు ఏముంది?

నాయినను అడగమన్నావు. అడగలేదు. ఏం అడగాలో కూడా నువ్వు చెప్పలేదు.

జమ్ములు

*

వీరన్నదిన్నె,
20 ఫిబ్రవరి 1997

చిన్నాయినా,

ఆ పిల్లవాడు మద్దిలేటే.

నువ్వు నవంబరులోనే కనిపెట్టి ఉంటావు. నేను రాయలేదు. రాస్తే నువ్వు నాయినకు చెబుతావని భయం. చెబితే నాయిన వాణ్ణి కొడతాడని భయం. గల్లీలో ఎవరో పిల్లవాడు అని రాస్తే, వాడు నిజంగానే ఎవరో అయినట్టు అనిపించేది.

మొన్న వాడి బడి సంచిలో నా చేతిరాత చీటీలు పదిహేను దొరికాయి. నాయిన పేరు మీద నేనే రాసినవి. నిన్న కాలేజీ ఎగ్గొట్టి వాణ్ణి గద్వాలలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఇంట్లో వాడికి పుస్తకాలు కొనాలని చెప్పాను. ఆయన వాణ్ణి నోరు తెరవమని వేళ్ళు నిలువుగా పెట్టి చూశాడు. ఈ వయసులో మూడు వేళ్ళు పట్టాలట. రెండు కూడా సరిగా పట్టలేదు. బుగ్గల లోపల తెల్లగా, గట్టిగా తాడులాగా ఉందట. "ఇయ్యాల్టి నుంచే బంద్ చేస్తే ఇంక బిగుసుకోకుండ చూడొచ్చు. పోయింది మొత్తం వాపస్ వస్తదని మాత్రం నేను చెప్పలేను" అన్నాడు.

బస్సులో వాణ్ణి తిట్టాను. "ఎన్నొద్దుల సంది కొంటున్నవురా?" అన్నాను. వాడు కిటికీ వైపు చూస్తూ అన్నాడు: "నేను కొంటలేనక్కా. మూడేండ్ల సంది నాయినకు తెస్తున్న. నాయిన పోసుకున్నంక అడుగుల ఇంత మిగిలిస్తడు. తెచ్చినోనికే గది. అందరిండ్లల్ల గంతే."

పొట్లం అడుగు. తెచ్చినవాడికి కూలి. మూడేళ్ళుగా రోజుకు నాలుగుసార్లు.

చీటీలు ఎందుకు దాచావంటే, "అడుగు సరిపోతలేదు" అన్నాడు.

నువ్వు దాచింది ఇదే కదా? "దక్కేది ఏమిటో నీకు తెలియదు, మీ నాయినను అడుగు" అని రాసి చేతులు కడుక్కున్నావు. ఊరందరి బాధలు పేజీలకు పేజీలు రాస్తావు. ఇది ఒక్కటి, రెండు ముక్కలు, రాయలేకపోయావా? రాసి ఉంటే ఆ చీటీ ముక్క నేను పెట్టేదాన్నా? ఏ పిల్లవాడు తెచ్చినా వాడి నోట్లోకే పోతుందని తెలిసి పెట్టేదాన్నా?

నా తప్పు లేదనడం లేదు. నూటికి పైగా చీటీలు రాసింది ఈ చెయ్యే. కానీ నీకు తెలుసు. తెలిసినవాడివి నువ్వు.

జమ్ములమ్మ

*

వనపర్తి,
28 ఫిబ్రవరి 1997

జమ్ములు,

నాకు తెలుసు. మీ నాయినకు ఆరేళ్ళు నేనే తెచ్చాను.

అప్పుడు ఈ పొట్లాలు లేవు. కాగితంలో చుట్టిన పొగాకు పొడి, సున్నం. అన్న మగ్గం మీద, నేను కొట్టుకు. అన్న నాకంటే పన్నెండేళ్ళు పెద్ద, నాకు తండ్రిలాంటివాడు. పొడి వేసుకుని, కాగితం మడిచి, "ఇగో, నీ అడుగు" అని నా అరచేతిలో పెట్టేవాడు. ఆ మాటకోసం ఎండలో చెప్పుల్లేకుండా ఉరికేవాణ్ణి. ఆయనకు అది ప్రేమ. మా నాయిన ఆయనకు అట్లాగే ఇచ్చాడు. మద్దిలేటికి కూడా ఆయన ప్రేమగానే ఇచ్చి ఉంటాడు. నేను రాయలేనిది అది. తమ్ముడినయి ఉండి, నా అన్న తన కొడుకుకు ఏం పెడుతున్నాడో ఆయన కూతురికి ఎట్లా రాయను? ఊరందరి మీద ఊరందరి తరఫున రాస్తాను. అన్న మీద రాయడానికి చెయ్యి రాలేదు.

నేను ఇప్పటికీ మానలేదు. ఈ ఉత్తరం రాస్తుంటే బల్ల సొరుగులో పొట్లం ఉంది. పిల్లలకు అమ్మొద్దని నీకు అర్జీ రాసిచ్చిన రోజు కూడా ఉంది.

నీ కోపం నాకు కావలసిందే. ఇప్పుడు పని సంగతి.

మార్చి 17 సోమవారం మీ పంచాయతీ లైసెన్సుల మీటింగు ఉంటుందని తెలిసింది. ఆ రోజు కాగితాలు రాస్తే సంవత్సరం మొత్తం అదే షరతు నడుస్తుంది, చీటీతో సహా. ఆ ముక్క తీసేయాలంటే ఆలోపే కావాలి. కొత్త అర్జీ నువ్వు రాస్తే చెల్లదు. వద్దని అడగాల్సింది కావాలని అడిగినవాడే. సంతకం పెట్టిన మగ్గం మనిషి ఒకడు మీటింగుకు స్వయంగా వచ్చి "నేను సంతకం పెట్టిన, చీటీ మాట తీసెయ్యున్రి" అనాలి. నేను వచ్చి అందామంటే నా ఓటు ఇప్పుడు వనపర్తిలో ఉంది.

ఈ ఉత్తరం అన్నకు చదివి వినిపించు. ఏమీ వదలకుండా చదువు.

కురుమూర్తి

*

వీరన్నదిన్నె,
16 మార్చి 1997, ఆదివారం సాయంత్రం

చిన్నాయినా,

వెంటనే చదవలేదు. ముందు వేరే దారులన్నీ చూశాను. సంతకం పెట్టిన ప్రతి ఇంటికీ మళ్ళీ పోయాను. మీటింగు పొద్దున పది గంటలకు. ఆ వేళకు మగ్గం దిగితే రోజంతా చెడుతుందని అందరూ అన్నారు. యేసయ్య తాత అయితే, "మొన్న పెట్టమని తిరిగితివి, ఇప్పుడు తియ్యమని తిరుగుతున్నవు, జర పెండ్లి చేసుకొని పో బిడ్డా, మాకు పరేషాన్ తప్పుతది" అన్నాడు. సర్పంచును బతిమాలాను. "మగ్గమోడు ఒక్కడొచ్చి అడగని, తీసేస్త. నీ మాట మీద తీస్తే రేపు నలభై మంది నా ఇంటి మీదికొస్తరు" అన్నాడు.

ఇంక నాయిన మిగిలాడు.

గురువారం పొద్దున ఆయన మగ్గం పక్కన కూర్చుని నీ ఉత్తరం చదివాను. మొదట నా తప్పులు చెప్పాను, డాక్టరు దగ్గరికి పోయిన సంగతి చెప్పాను, తరువాత చదివాను. ఏమీ వదల్లేదు. నాయిన నేస్తూనే ఉన్నాడు. "ఇగో, నీ అడుగు" అన్న దగ్గర నాడె ఆగింది. తరువాత మళ్ళీ కదిలింది. చదవడం అయిపోయాక అంచు దారం సరిచేసుకుని మళ్ళీ నేతలో పడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం మద్దిలేటి బడి నుంచి అన్నానికి వచ్చాడు. నాయిన వాణ్ణి పిలిచి "నోరు తెరువురా" అన్నాడు. వాడు నా వైపు చూశాడు. తెరిచాడు. నాయిన తన వేళ్ళు పెట్టి చూశాడు. ఆయన వేళ్ళు లావు కదా, ఒకటిన్నరే పట్టింది. "ఇంక తెరువు" అన్నాడు. "గింతే వస్తది నాయినా" అన్నాడు వాడు. నాయిన చెయ్యి తీసి పంచెకు తుడుచుకున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు.

అప్పటి నుంచి పొట్లం తెప్పించలేదు. వాణ్ణీ పంపలేదు, తనూ పోలేదు. శుక్రవారం చెయ్యి కుదరక అంచులో తప్పు పోయింది, జానెడు విప్పి మళ్ళీ నేశాడు. నిన్న అందరి మీదా అరిచాడు. అమ్మ అన్నం పెడితే పళ్ళెం తోసేశాడు. అరగంటకు తనే పళ్ళెం తెచ్చుకుని తిన్నాడు. మద్దిలేటి కూడా అట్లాగే ఉన్నాడు. నిన్న నన్ను రక్కాడు. ఇద్దరూ మగ్గానికి చెరోవైపు కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పొట్లానికి బదులు సోంపు నములుతున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

ఇవాళ మధ్యాహ్నం ఉన్నట్టుండి అడిగాడు: "మీటింగు ఎన్నింటికి?"

"పదింటికి" అన్నాను.

"ఏమని చెప్పాలె?"

నేను ఉరికి పోయి కాగితం తెచ్చి పేజీన్నర రాశాను. చదివి వినిపించాను. "గింత పొడుగు నాకు రాదు. సగం దాటినంక మర్చిపోత" అన్నాడు. కొట్టేశాను. మళ్ళీ చదివాను. "ఇంక తియ్యి" అన్నాడు. తీస్తూ పోతే చివరికి మిగిలింది ఇది: "నా కొడుకు కొట్టుకొస్తే, నా పేరు చెప్పినా ఇయ్యొద్దు." నా నోటుబుక్కులో ఇంత మంచి వాక్యం ఒక్కటీ లేదు. ఇది ఆయనదే, నాది కాదు. అద్దం ముందర నిలబడి మూడుసార్లు అనుకున్నాడు. నేను చూశానని సిగ్గుపడి, "బస్సుకు పో" అన్నాడు. ఆదివారం నాకు బస్సెక్కడిది?

ఆయన ఒక్కడి మాటకు తీసేస్తారో, మిగతా నలభై మంది ఏమంటారో తెలియదు. గల్లీలో అప్పుడే కబురు పాకింది. "బక్కయ్యకు బిడ్డ బుద్ధి చెప్తున్నది" అని యేసయ్య తాత అరుగు మీద గట్టిగానే అంటున్నాడు. నాయిన వినీ విననట్టు మగ్గం మీద పాత పంచె కప్పాడు. రేపు పొద్దున కూడా తియ్యడట. పనిరోజు మన మగ్గం మీద బట్ట కప్పి ఉండటం నేను పుట్టినప్పటి నుంచి తను చూడలేదని అమ్మ అంటోంది.

నువ్వు కూడా ఆ సొరుగు ఖాళీ చెయ్. చేశాక ఎట్లా ఉందో నాకు రాయి, ఇక్కడ ఇద్దరికి చదివి వినిపించాలి.

రేపు పొద్దున తొమ్మిదిన్నరకు ముగ్గురం బయలుదేరుతున్నాం. నేను కాలేజీ మానేస్తున్నాను, మద్దిలేటి బడికి ఆలస్యంగా పోతాడు. పంచాయతీ ఆఫీసుకు వెనక గల్లీ నుంచి దగ్గరి దారి ఉంది. నాయిన మాత్రం సాయమ్మ డబ్బా ముందర నుంచే పోదామన్నాడు, మద్దిలేటి చెయ్యి పట్టుకుని.

నీ జమ్ములు